ముందు పెద్దలకు

గంజి గిన్నెలో చెంచా పెట్టిందో లేదో, యెన్‌లిన్ వేళ్ళ మీద వెదురు బెత్తం టక్కున పడింది.

"పెద్దవాళ్ళు ముట్టకముందే అంత ఆత్రమా? పో, గోడ దగ్గర నిలబడు!" అన్నారు షౌదే మాస్టారు.

జియాన్ వంశం వాళ్ళ పూర్వీకుల మందిరంలో ఏటా జరిగే వేసవి శిబిరం అది. ఊళ్ళో పిల్లలూ, సెలవులకు పట్నాల నుంచి వచ్చినవాళ్ళూ, అందరిదీ ఒకే ఇంటిపేరు. పెద్దల ముందు ఎలా మసలాలి, ఎవరిని ఏ వరస పెట్టి పిలవాలి, టీ ఎలా అందించాలి, అన్నీ డెబ్బై ఏళ్ళ మాస్టారే నేర్పుతారు. ఆయన దగ్గితే చాలు, పిల్లల తండ్రులు కూడా సర్దుకుని కూర్చుంటారు.

రుయీ మాత్రం అలా సర్దుకోదు. ఆ ఆరేళ్ళ పిల్ల అందరికంటే ముందు బన్ను కొరికేస్తుంది. మాస్టారు వస్తే లేవదు. పైగా ఆయన కుర్చీలోకే ఎక్కి కాళ్ళూపుతుంది. మాస్టారు చూసీ చూడనట్టు పైకప్పు వంక చూస్తారు.

పట్నం నుంచి మొదటిసారి వచ్చిన యెన్‌లిన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"అది తినేస్తోందిగా మాస్టారూ! దానికి లేదా బెత్తం?"

మాస్టారు బెత్తం వెనక్కి దాచుకున్నారు. "నీ గిన్నె సంగతి నువ్వు చూసుకో."

"బాగుంది! నాకో న్యాయం, దానికో న్యాయం" అని గొణుక్కుంది యెన్‌లిన్. శిబిరం అయ్యేలోగా రుయీకి ఒక్క దెబ్బయినా పడకపోతే పేరు మార్చుకుంటానని పక్కపిల్లతో పందెం కూడా కాసింది.

చివరి రోజు తల్లిదండ్రులు, తాతలు, నాయనమ్మలు అందరూ వచ్చారు.

"పెద్దలకు తొలి కప్పు టీ ఎలా అందించాలో ముందు నేను చేసి చూపిస్తా" అన్నారు మాస్టారు.

జుట్టంతా నెరిసిన యెన్‌లిన్ తాత గొంతు సవరించుకుని చేతులు చాచాడు. మాస్టారు ఆయన్ని దాటుకుని నేరుగా తన కుర్చీ దగ్గరికి నడిచారు. అందులో రుయీ పుచ్చగింజలు కొరుకుతోంది. కుర్చీ నిండా తొక్కలే.

"అయిపోయింది దీని పని!" యెన్‌లిన్ సంబరంగా పక్కపిల్లని గిల్లింది.

మాస్టారు మూలుగుతూ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా కప్పు పైకెత్తి, "అత్తయ్యగారూ, మా నాన్నగారికి చెల్లెలి వరస మీరు, తమరు పుచ్చుకుంటేగానీ మేమెవ్వరం ముట్టకూడదు" అన్నారు.