పాట అయిపోయిన చోట

అటక మీది ట్రంకుపెట్టె దించి మూత తీయగానే లెక్కల టీచరు గుండె గుభేలుమంది.

పైనున్న గ్రామఫోన్ రికార్డు వంగిపోయి మూకుడులా తయారైంది. దాని కింద మరో మూడు అంతే.

“పదిలంగా చూడమ్మా,” అన్నాడు నాన్న ఆస్పత్రిలో. ఆయన చివరిగా కోరింది అదొక్కటే. ఆమె పదిలంగానే పెట్టాననుకుంది. ఒకదాని మీద ఒకటి పేర్చి, తాళం వేసి, రేకుల కప్పు కింద అటకెక్కించింది.

అమ్మ పెట్టెలోకి తొంగి చూసింది.

“మీ నాన్న కొన్నవాటికి తలా తోకా ఉందా? ఒకటి పాట, ఒకటి నాటకం, ఒకటి కసరత్తు పాఠం. కొట్లో వినేవాడు కూడా కాదు. లైటు కింద పెట్టి చూసుకుని, మురిసిపోయి కొనేసేవాడు. నన్నైనా ఎప్పుడూ అంత పరీక్షగా చూడలేదు.”

పెట్టె అడుగున నాన్న జాబితా పుస్తకం ఉంది. ఆ అక్షరాలు చూస్తే ఏడుపొస్తుందని టీచరు దాన్ని తెరవలేదు.

వీధి చివర రేడియో మెకానిక్‌ని అడిగితే, “తెలిసినాయన ఒకాయన ఉన్నాడు, పంపిస్తా,” అన్నాడు.

ఆదివారం పొద్దున్నే గుమ్మంలో ఓ ముసలాయన. చేతిలో గుడ్డసంచి, చొక్కా జేబులో భూతద్దం.

“రికార్డులు సర్దాలన్నారట.”

ఒకటి తీసి, అంచులు పట్టుకుని, వెలుగులోకి వంచి చూశాడు. ఇంకొకటి తీశాడు. ఐదారు చూశాక కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు.

“ఇవన్నీ ఎవరు కొన్నారమ్మా?”

“మా నాన్న.”

“ఉన్నారా?”

“పోయి ఆరునెలలైందండీ.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“కాస్త ముందు రావలసింది,” అన్నాడు.

వంగిపోయినవాటి సంగతేననుకుంది టీచరు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వచ్చేవాడు.

“పడుకోబెట్టకూడదమ్మా. పుస్తకాల్లా నిటారుగా నిలబెట్టాలి. పక్కదాని మీద ఒరగనివ్వకు. ఎండ తగిలే గోడకు దూరం పెట్టు.”

చల్లటి గదిలోకి ఒక అలమరా వచ్చింది. ఆయన ఇంటి దగ్గర కాగితం తొడుగులు అంటించుకుని తెచ్చేవాడు. పాతవి తీసి, దుమ్ము తుడిచి, కొత్తవి తొడిగేవాడు. చంటిపిల్లలకి చొక్కాలు తొడిగినంత ఓపిగ్గా.

టీచరు కాఫీ తెస్తే గదిలోకి రానిచ్చేవాడు కాదు.

“వాటి దగ్గర వద్దు. పనంతా అయ్యాక, చివరి రోజున తీరిగ్గా తాగుతా.”

ఒక్కదాని దగ్గరే ఇద్దరికీ పేచీ వచ్చింది. ప్లాస్టిక్ సీలు విప్పని రికార్డు ఒకటుంది.

“ఆ సీలు కోసెయ్యాలమ్మా. ఏళ్ళు గడిచేకొద్దీ అది బిగుసుకుని లోపలిదాన్ని వంచేస్తుంది.”

“నాన్న విప్పలేదు. నేనూ విప్పను.”

“నీ ఇష్టం తల్లీ,” అని నవ్వి పక్కన పెట్టాడు.

ఆరో ఆదివారం వచ్చేటప్పుడే చెప్పాడు, “ఇంకొక్క వారం. తర్వాత కాఫీ.”

కాసేపటికి టీచరు గదిలోకి వెళ్తే, ఆయన ఒక రికార్డుని ఒళ్ళో పెట్టుకుని లేబుల్ పక్కన గోటితో నిమురుతున్నాడు. పక్కనే తొడుగులు కోసే చిన్న కత్తి ఉంది.

ఆమె వంగి చూసింది. పాట గాడి ముగిసిన నున్నటి చోట, మూడు గీతల్లో గీసిన చిన్న పిట్ట. వెలుగులోకి వంచితే తప్ప కనబడదు.

ఆయన సర్ది పెట్టినవాటిలోంచి ఇంకొకటి లాగి చూసింది. దాని మీదా పిట్టే.

“ఇది ఎవరు గీశారు?”

ఆయన మొహం వెలిగింది. “నేనేనమ్మా, కానీ...”

“ఒక్క గీత కూడా పడకూడదని మిమ్మల్ని పిలిస్తే, మీరే కూర్చుని బొమ్మలు గీస్తున్నారా?”

“అది కాదు తల్లీ...”

“చేసింది చాలు. వెళ్ళండి.”

ఆయన ఆమెను చూశాడు. రికార్డుని తొడుగులో పెట్టి, నిటారుగా నిలబెట్టి, సంచి తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగాడు.

“పాటకేం కాలేదమ్మా. అది పాట అయిపోయిన చోటే ఉంది.”

వారం తిరక్కుండానే టీచరు కోపం చల్లారింది. పిలుద్దామంటే మొహం చెల్లలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ రెండు నెలలు గడిపేసింది.

ఒక సాయంత్రం మెకానిక్ ఓ కాగితాల కట్ట తెచ్చాడు.

“పెద్దాయన ఇమ్మన్నాడు టీచరుగారూ. మిగిలినవాటికి తొడుగులట. ఆస్పత్రి మంచం మీద కూర్చుని మరీ అంటించాడు.”

“ఆస్పత్రా? ఇప్పుడెలా ఉన్నారు?”

“మొన్న పోయాడండీ.”

కట్ట పైన ఓ చీటీ ఉంది. వణికిన అక్షరాలు. “ఆ సీలు మాత్రం కోసెయ్యి తల్లీ.”

టీచరు కళ్ళు తుడుచుకుని కత్తెర తెచ్చింది. ఈ ఒక్క మాటైనా విందామనుకుంది.

కంపెనీలో చుట్టిన సీలు తెగింది. ముప్ఫై ఏళ్ళుగా ఎవరి చెయ్యీ తగలని రికార్డు బయటికి వచ్చింది.

లేబుల్ పక్కన, నున్నటి చోట, మూడు గీతల పిట్ట.

టీచరు అలమరాలోంచి ఒక్కొక్కటే తీసి వెలుగులోకి వంచింది. పాటకీ, నాటకానికీ, కసరత్తు పాఠానికీ, వంగిపోయిన ఆ నాలుగింటికీ అదే పిట్ట.

ఇన్నాళ్ళూ తెరవని నాన్న పుస్తకం తెరిచింది.

మొదటి పేజీలో పిట్ట బొమ్మ వేసి, కింద నాన్న ఇలా రాసుకున్నాడు: “రికార్డు పుట్టేటప్పుడు మొదటి పలక మీద పాటను గాడిగా కోసిన మనిషి ఈ గుర్తు పెడతాడట, ఆ పలక నుంచి అచ్చయ్యే ప్రతి రికార్డు మీదా అది పడుతుందట, ఆయన పేరు ఎక్కడా వేయరు, ఈయన చేతిమీదుగా వచ్చినవన్నీ పోగుచేస్తున్నాను, ఎప్పటికైనా కనబడితే ఇంటికి పిలిచి, ఇవన్నీ చూపించి, నా చేత్తో కాఫీ కలిపి ఇవ్వాలి.”