రాయను

పేపర్లో నెంబరు లేదు. వరుసగా ఇది రెండో ఏడు.

రంగన్న ఆ పేపర్ని మడిచి కొడుకు ముఖాన కొట్టాడు. ఉరుకుందు వంగి దాన్ని తీశాడు. దుమ్ము దులిపి గూట్లో పెట్టాడు.

"అంతేనా? నోట్లో మాట ల్యా?"

"తప్పినా నాయనా. ఇంగేం చెప్పల్ల?"

ఆ గొంతులో సిగ్గు లేదు. రంగన్నకు మండింది అక్కడే.

రంగన్నది బేతంచెర్ల దగ్గర నాపరాతి గనిలో పని. థర్డ్ ఫారంలో ఉండగా వాళ్ల నాయన పుస్తకాలు లాక్కుని చేతికి సమ్మెట ఇచ్చాడు. అప్పుడు బడిలో పక్కన కూచున్నవాడు ఇప్పుడు తాలూకాఫీసులో గుమాస్తా. వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ ప్రతిసారీ రంగన్నకు ఆ సమ్మెట గుర్తొస్తుంది. ఇప్పుడు కర్నూలు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. గుడారాలు వేసి మరీ ఆఫీసులు పెట్టారు. ఎస్సెల్సీ పాసైనవాడికి కుర్చీ వేస్తున్నారట. తన కొడుకు ఆ కుర్చీలో కూచోవాలి. రంగన్నకు ఇంకో కోరిక లేదు.

ఊళ్లో హైస్కూలు లేదు. బావమరిది తిమ్మయ్య నంద్యాలలో తన ఇంట్లోనే ఉరుకుందును పెట్టుకుని చదివిస్తున్నాడు. తిమ్మయ్య కూతురు వండిపెడుతుంది, ఉరుకుందు తిని స్కూలుకు పోతాడు. ఆ రోజు మైసూరుపాకు పొట్లంతో రైలు దిగింది కూడా తిమ్మయ్యే. నెంబరు లేదని తెలిసి, తండ్రి కన్నా ఎక్కువ కుంగిపోయాడు.

"ఇంగెప్పుడు పాసైతాడు బావా? నాకు మాత్రం వయసు ఆగుతాదా?"

"నీకు మాటిచ్చినా కదా తిమ్మయ్యా. పాస్ చేయించే పూచీ నాది."

మధ్యాహ్నం ఉరుకుందు చెల్లెలు తిరుపతమ్మ అన్నకు జొన్నరొట్టె పెట్టింది. దాని మీద ఇంత వెన్నముద్ద.

"తప్పినోనికి వెన్న గూడానా?" అరిచాడు రంగన్న.

"అన్నకిష్టం నాయనా," అని ఇంకొంచెం వేసింది ఆ పిల్ల.

మర్నాడే రంగన్న కొడుకును గనికి లాక్కుపోయాడు. నడినెత్తిన ఎండ. కాళ్ల కింద కాలే బండ. మోసి మోసి ఉరుకుందు భుజం తోలు ఊడింది.

"ఏం ఉరుకుందూ, కుర్చీ కన్నా బండ మెత్తగుండాదా?" అన్నాడు రంగన్నతో పనిచేసే బొజ్జన్న.

"శానా మెత్తగుండాది చిన్నాయనా. రా, నువ్వూ ఒకటెత్తుకో."

గనిలో అందరూ నవ్వారు. రంగన్న నవ్వలేదు. ఎండాకాలమంతా మోయించాడు. ఏదో ఒక సాయంత్రం వాడు కాళ్ల మీద పడి, చదువుకుంటా నాయనా అంటాడని చూశాడు. వాడు పడలేదు. చివరికి తనే అడిగాడు.

"ఇప్పుడన్నా సరిగ్గా రాస్తావా?"

"రాయను."

రంగన్న నంద్యాల పోయి హెడ్మాస్టరు ముందు నిలబడ్డాడు. "మావోని తలకాయలో ఏమీ లేదా సార్? ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆయన కళ్లజోడు తీశాడు. "మీవాడికి రానిదేముందయ్యా? ఈ ఏడు పాసైన పిల్లల్లో సగం మందికి లెక్కలు చెప్పింది వాడే. పరీక్షలో మటుకు తెల్లకాగితం ఇచ్చి లేచిపోతాడు. ఎందుకురా అంటే నవ్వుతాడు."

చదువు రానివాడికి కొట్టయినా నేర్పవచ్చు. వచ్చినవాణ్ని ఏం చెయ్యాలో రంగన్నకు తెలియలేదు.

సెప్టెంబరు పరీక్షకు తనే వెంట వచ్చాడు. తిమ్మయ్య కూడా వచ్చాడు. స్కూలు గేటు దగ్గర రంగన్న కొడుకు చొక్కా పట్టుకున్నాడు.

"ఈసారి తెల్లకాగితం ఇస్తే నా గడప తొక్కొద్దు."

"సరే నాయనా."

లోపల గంట కొట్టారు. గేటు బయట రంగన్న బీడీ ముట్టించాడు. ఆ బీడీ ఆరకముందే ఉరుకుందు బయటికి వచ్చేశాడు. కలం జేబులోనే ఉంది.

బజారంతా చూస్తుండగా రంగన్న కొడుకు చెంప పగలగొట్టాడు. ఉరుకుందు చెంప తడుముకోలేదు. తల వంచలేదు.

"నీకేం తక్కువ చేసినారా? చెప్పు!"

"నాకేం తక్కువ చెయ్యలేదు."

"మరెందుకురా నన్నిట్లా చంపుతాండావు? ముప్పై ఏండ్లు బండలు కొట్టినా. నా చేతులు చూడు!"

ఉరుకుందు ఆ చేతులు చూశాడు.

"కొట్టు నాయనా. ఆ చేతుల్తోనే కొట్టు. రాయను."

రెండో దెబ్బ పడకుండా తిమ్మయ్య అడ్డం వచ్చాడు. "కొట్టద్దు బావా. చిన్నోడు. మార్చిలో రాస్తాడులే."

అంతవరకూ తండ్రినే చూస్తున్న ఉరుకుందు అప్పుడు మేనమామ వైపు తిరిగాడు.

"మార్చిలో గూడా రాయను మామా. నీ తల పూరా తెల్లబడల్ల, నీ పండ్లన్నీ ఊడల్ల, అంతవరకు రాయను."

"ఏం మాటరా అది!" రంగన్న కసిరాడు. "నీకు అన్నం పెట్టిన మనిషిరా!"

తిమ్మయ్య మాత్రం కండువా సర్దుకుని నేల చూశాడు.

ఉరుకుందు పాసైన నెలలోనే కుండమార్పిడి పెళ్లిళ్లని బావాబావమరుదులిద్దరూ రెండేళ్ల కిందటే తాంబూలాలు మార్చుకున్నారు: తిమ్మయ్య కూతురు ఉరుకుందుకు, పద్నాలుగేళ్ల తిరుపతమ్మ పెళ్లాం పోయిన తిమ్మయ్యకు.