పక్కగదిలో వెండి మోత

పాత నాణేలకు వెలకట్టే షరాబు, మాస్టారి ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోయింది. మాస్టారు కన్నుమూసి నెలైంది. ఆయన ముచ్చటపడి దాచుకున్న వెండి నాణేలను ఆయన భార్య బల్లమీద పరిచింది.

షరాబు ఒక్కో నాణేన్నీ రాతిపలక మీద జారవిడిచి చెవి ఒగ్గాడు. అసలు వెండి ఖంగుమని మోగుతుంది. మూడో నాణెం మోగిన మరుక్షణం పక్కగదిలోంచి కూడా అదే మోత వినిపించింది.

"లోపలెవరమ్మా?"

"ఎవరూ లేరన్నయ్యా. ఆయన పోయినప్పట్నుంచి ఆ గది తాళమే తియ్యలేదు."

నాలుగోదానికీ, ఐదోదానికీ లోపల్నుంచి జవాబు వచ్చింది.

చివరి నాణెం చేతిలోకి తీసుకోగానే షరాబు దాన్ని గుర్తుపట్టాడు. అది నకిలీదని తెలిసీ పదేళ్ల కిందట మాస్టారికి అంటగట్టింది తనే. పలకమీద వెయ్యకుండా దాన్ని గుప్పిట్లో బిగించాడు.

"అదీ చూడండన్నయ్యా. మీరిచ్చిందని ఆయనకు దానిమీదే ప్రాణం."

షరాబు గుప్పిట తెరవలేదు. పక్కగదిలో ఏదో రాతిమీద పడింది. ఈసారి మోగలేదు, తగరం ముక్కలా టప్పుమంది.

"ఇది దొంగదమ్మా," అన్నాడు షరాబు, గుప్పిట తెరిచి. "తెలిసే అమ్మాను."

ఆమె నోరు తెరిచేలోగా, తాళం వేసిన ఆ తలుపుకు లోపలివైపు గడియ తీసిన చప్పుడైంది.