మింగేసిన వాక్యం

"నీ బేస్ క్లాసుకి డాక్యుమెంటేషన్ రాసెయ్. కొత్తవాళ్లకి కూడా అర్థమవ్వాలి," అన్నాడు మేనేజరు.

నాలుగేళ్లుగా లేనిది ఇప్పుడెందుకు? క్యూలో పడే మెసేజీల పని చూసే ప్రోగ్రాములన్నీ ఆ క్లాసులోని మూల కోడ్ మీదే నిలబడ్డాయి. గుట్టంతా రాయించుకుని నన్ను గెంటేస్తారన్నమాట!

పదమూడు పేజీలు రాశాను. ఒక్క వాక్యం మాత్రం మింగేశాను: పని ముగిశాక 'అయింది' అని క్యూకి చెప్పకపోతే, అదే మెసేజీ మళ్లీ మళ్లీ వస్తుంది. అది తెలియనివాడు మూడో రోజుకల్లా నా కాళ్లు పట్టుకోవాల్సిందే.

మేనేజరు ఆఖరి పేజీ దాకా ఓపిగ్గా చదివాడు.

"'అయింది' సంగతి రాయలేదే?"

"మీకెలా తెలుసు సర్?"

"నీకన్నా ముందు ఆ కుర్చీ నాదేగా. నేనూ ఎవరికీ చెప్పకుండా దాచాను. మా పాప పుట్టిన రోజు ఆఫీసు నుంచి నలభై ఫోన్లు. పిల్లని ఎత్తుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు."

కాగితాలు నా వైపు జరిపాడు.

"మీ ఆవిడకి డెలివరీ వచ్చే నెలేగా?"