శుక్రవారం ఉత్తరం

నా మనవరాలు యారిత్సా మయాగ్వెస్ అనే ఊళ్లో ఉండి ఇంజినీరింగు చదువుతోంది. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా అమ్మమ్మా" తప్ప ఇంకో ముక్క రాలదు. కాలేజీవాళ్లు మాత్రం ప్రతి శుక్రవారం ఇంటికి ఉత్తరం పంపుతారు. ముప్ఫయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, నాకే పిల్లల్ని ఎలా చూసుకోవాలో నేర్పుతారు. చదివి చదివి విసుగొచ్చింది.

ఈ వారం ఇలా ఉంది: "మీ బిడ్డ చదువు మార్చుకుంటానంటే కోప్పడకండి. పొయ్యి ఆపి, కూర్చుని, వినండి."

పొయ్యి మీద ఉడుకుతున్న కందులు కలుపుతూనే ఫోన్‌లో యారిత్సాకి చదివి వినిపించాను.

"పొయ్యి ఆపాలట! ఎవడే ఈ సలహాల వెధవ?"



"నేనే అమ్మమ్మా. ఆగస్టు నుంచి కాలేజీలో ఆ ఉత్తరాలు పంపే ఆఫీసులో పనిచేస్తున్నా. ఉత్తరాలన్నీ నేనే రాస్తున్నా."

"ఊరందరి పొయ్యిలతో నీకేం పనే?"

"ఊరందరూ వంట చేస్తూ ఫోన్ మాట్లాడరుగా. నువ్వే మాట్లాడతావు."

ఇన్ని శుక్రవారాలూ నేను ఆ ఉత్తరాల్లో ఎర్రకలంతో తప్పులు దిద్దుతూ కూర్చున్నాను.

పొయ్యి ఆపాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఇంజినీరింగు వద్దంటే మరేం చదువుతావో చెప్పు తల్లీ. వింటున్నా."