చాలని ఆనందం

మా సూరీడమ్మకు ఉద్యోగం రాకుండా చేసింది ఆ కొండే. అందులో వాదించడానికేమీ లేదు.

ఇప్పుడు బీదపిల్లలకు ఏ పని కావాలన్నా ముందు కొండ మీద మొక్కలు నాటాలి. పచ్చదనం చూసి మనసు ఎంత పొంగిందో చేతికి కట్టిన పట్టీ కొలుస్తుంది. చాలినంత పొంగితేనే ఉద్యోగం.

పట్నం పిల్లలకు నెమలి కనబడగానే పట్టీలు వెలిగాయి. మా పిల్ల నేల చూసుకుంటూ నడిచింది. వాళ్ళమ్మ అక్కడే కట్టెలు ఏరుతూ పాము కరిచి పోయింది. దాన్ని కొలిచే సదుపాయం పట్టీలో లేదు.

తిరుగు బస్సెక్కి ఏసీ గాలికి కూర్చోగానే సూరీడమ్మ పట్టీ ధగధగా వెలిగింది.

"బస్సు ప్రకృతి కిందికి రాదమ్మా," అన్నాడు శిక్షకుడు అన్వేష్. "ఇంకో ఆర్నెల్లు తిరిగితే ఆనందం అలవాటవుతుంది."

"మరి తమరి పట్టీ ఏది బాబూ?"

"మాకుండదు. మాది పర్మనెంటు."

ఈసారి చెప్పులు విడిచి నడవమన్నారు. అరికాలికి నేల తగిలితే మనసు విప్పారుతుందట.

"నడుస్తాను నానా, ఉజ్జోగం కావాల గదా," అని పొద్దున్నే కొండెక్కింది. ఆ చెప్పులు ఇంకా గుమ్మంలోనే ఉన్నాయి.

ఈ సంగతి ఇక నా నోట రాదు.