పట్టాల పక్కన పెద్దాయన

చర్రుమని చొక్కా చిరిగింది.

శివరామ్ వెనక్కి తిరిగాడు. రోజూ పట్టాల పక్కన నిలబడే ముసలాయన కాలరు పట్టుకుని లాగుతున్నాడు.

"వదలయ్యా! పిచ్చా నీకు?"

"పట్టాల మీదికి దిగొద్దు. వంతెన మెట్లెక్కి పో."

"బండి యాడ వస్తా ఉండాది? నాకు కనపడలా!"

"నీకు కనపడేటప్పటికి వచ్చేసుంటాది సామీ."

నిజంగానే ఏ బండీ రాలేదు. ప్లాట్‌ఫారం మీద జనం నవ్వారు. శివరామ్‌కు తల కొట్టేసినట్టయింది.

శివరామ్‌ది చెన్నైలోని చూలై. అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీకి లెక్కలు చూస్తాడు. పెళ్లి కాకముందు నుంచీ ఇదే లైన్లో వచ్చిపోతున్నాడు. ఈ లోకల్ రైళ్ల గురించి తనకు తెలియనిది లేదని అతని నమ్మకం. రైలు పెట్టెలో అతను మాట్లాడుతుంటే తక్కినవాళ్లు పేపరు మడిచి వినేవాళ్లు.

"ఊరికి చెన్నై అని పేరు మార్చినారు గానీ, బండి మాత్రం మా తాత కాలందే. వానొస్తే షట్టర్ దిగదు. ఎండొస్తే ఫ్యాను తిరగదు. దువ్వెనతో తోస్తే తిరుగుతాది!"

"మనం దిగే స్టేషన్ మాత్రం తక్కువా సార్?" అనేవాడు పక్కసీటు ధర్మలింగం.

"దాన్ని స్టేషన్ అంటారా? ఆ వంతెన చూడు. తుప్పు పట్టి ఊయలలా ఊగతా ఉండాది. దాన్నెక్కి సచ్చేదానికన్నా పట్టాలు దాటేది మేలు!"

అందరూ అలాగే దాటేవాళ్లు. పొద్దున బండి ఆగగానే జనం బిలబిలమంటూ కిందికి దిగి, అవతలి ఎస్టేట్ రోడ్డుకు అడ్డంపడి పోయేవాళ్లు.

వాళ్లకు ఎదురుగా ఆ ముసలాయన. రెండు చేతులూ చాచి, అటూ ఇటూ చూస్తూ, గొంతు పోయేలా అరిచేవాడు.

"ఆగండి! ఆగండి! మెట్లెక్కండి!"

తిట్టుకుంటూనే జనం ఒక్క క్షణం ఆగేవాళ్లు. ఆ తర్వాత దాటేవాళ్లు.

ఆ పొద్దున చిరిగిన చొక్కాతోనే శివరామ్ నేరుగా రైల్వే కానిస్టేబుల్ దగ్గరికి పోయాడు.

"చూడండి సార్. ఈయనతో రోజూ ఒకటే తొందరవు, పీడగా ఉండాది. ఆఫీసుకు పోయేవాణ్ని, ఇప్పుడెట్ట పోవాల?"

కానిస్టేబుల్ లాఠీ ఊపాడు.

"ఏం పెద్దాయనా, నీకేం పని ఈడ? టికెట్టు లేదు, ప్రయాణం లేదు. ఇంకోసారి కనపడితే లోపలేస్తా."

ముసలాయన వెనక్కి తిరిగాడు. పోతూ పోతూ శివరామ్ ముందు ఆగాడు.

"చొక్కా చించింది తప్పే నాయనా. మెట్లెక్కి మాత్రం పో."

ఆ తర్వాత ఆయన కనిపించలేదు.

"పీడ పోయింది," అన్నాడు శివరామ్ పెట్టెలో. ఎవరూ కాదనలేదు.

కొన్నాళ్లకు ఒక పొద్దున, బండి ఆలస్యమైందని అందరికీ తొందర. శివరామ్ అందరికంటే ముందు దిగాడు. మొదటి పట్టాలు దాటాడు. ఆగి ఉన్న గూడ్సు బండి చాటు నుంచి రెండో పట్టాల మీద కాలు పెట్టబోయాడు.

గాలి మొహం మీద కొట్టింది.

చేతిలో సంచీ ఎగిరిపోయింది. ఎక్స్‌ప్రెస్ బండి కళ్ల ముందే పెట్టె తర్వాత పెట్టెగా పోయింది.

శివరామ్ కంకర మీద కూలబడ్డాడు. టిఫిన్ క్యారియర్ ఎక్కడో నుజ్జయింది. చుట్టూ జనం కేకలు వేస్తున్నారు. కానీ ఆ కేకలు బండి పోయాక వేసినవి.

బండి రాకముందు అరిచేవాడు లేడు.

లేచి, మెట్ల దగ్గర పూలమ్మే కన్నియమ్మ ముందుకొచ్చాడు.

"ఆ పెద్దాయన యాడికి పోయినాడు?"

"మీరే గదా సార్ పోలీసుకు చెప్పి తోలిచ్చింది?" అంది ఆమె, పూలు కడుతూనే.

శివరామ్ తల దించుకున్నాడు.

"ఎవరాయన?"

"నాకేం తెలుసు సార్. ఎవరితోనూ మాట్లాడడు. అదో, ఆ చోట్లోనే ఒక కాలేజీ పిల్ల బండి కింద పడింది. సింధూరి అని, బంగారం లాంటి పిల్ల. అప్పట్నుంచీ ఆయన వస్తా ఉండాడు. ఆ పిల్ల ఇల్లు స్టేషన్ వెనక సందులోనే."

శివరామ్‌కు అంతా అర్థమైంది. బిడ్డను పోగొట్టుకున్న తండ్రిని తను పోలీసుకు చెప్పి తరిమించాడు.

సాయంత్రం ఆఫీసు కాగానే వచ్చి, మొట్టమొదటిసారి వంతెన ఎక్కాడు. ఊగింది. కానీ నిలిచింది.

సందులో ఆ ఇంటి తలుపు కొట్టాడు. తీసిన మనిషి వేరే ఎవరో.

"సింధూరి వాళ్ల నాయన ఉండారా?"

"నేనే సార్. ఏకాంబరం."

శివరామ్ తడబడ్డాడు.

"పట్టాల కాడ ఒక పెద్దాయన నిలబడేవాడు. మీరే అనుకున్నా. ఆయనకు క్షమాపణ చెప్పుకోవాల."

ఏకాంబరం కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. చెంబుతో నీళ్లిచ్చాడు.

"నేను ఆ పక్కకే పోను సార్. ఆ పట్టాలు చూస్తే నాకు కాళ్లాడవు. ఆడ నిలబడింది రంగసామి. వ్యాసర్పాడాయన. పోయిన వారం గుండెనొప్పితో పోయినాడు. నేనే పోయి మాలేసి వచ్చినా."

శివరామ్ చెంబు కింద పెట్టాడు.

"మీ చుట్టమా?"

"లేదు సార్. నా బిడ్డ పోయిన పొద్దే ఆయన్ని మొదట చూసినా. నేను పరిగెత్తుకుంటా పోయేసరికి, పాప పక్కన కూర్చోని నాకంటే ముందు ఏడస్తా ఉండాడు. మర్నాడే ఉద్యోగం వదిలేసినాడు. నీ తప్పేం లేదయ్యా, చుమ్మా, ఊరికే ఇంట్లో ఉండు అని ఎన్నిసార్లు చెప్పినానో. వినలా."

"ఆయన తప్పా? ఆయనేం చేసినాడు?"

బయట లోకల్ బండి కూత వేసుకుంటూ పోయింది. ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా ఏకాంబరం ఆగాడు.

"బ్రేకేసినాడు సార్, ఆగలా... ఆ పొద్దు బండి నడిపింది ఆయనే."